పట్టా పాడునా?

వేసవి సెలవులు ముగియు దినములలో ఏటేట మన పట్టణములందు ఒక ప్రకటన వెలువడుచుండును. సంగీత కళాశాలలో ప్రవేశము గోరువారు దరఖాస్తులు పంపుకొనవలయునని దాని సారాంశము. దానిని చదివిన తండ్రి మొదట నడుగు ప్రశ్న, "రెండేండ్లు చదివినచో ఉద్యోగము వచ్చునా?" అని. తల్లి యడుగునది, "వసతి గృహము కలదా?" అని. విద్యార్థి యడుగునది, "పరీక్ష కష్టమా?" అని. ఈ మూడును అడుగదగిన ప్రశ్నలే. వీనిని మేము పరిహసింపము. బ్రతుకు తెరువు లేని విద్య యెంత గొప్పదైనను గృహస్థునకు భారమే. కాని నాల్గవ ప్రశ్న యొకటి కలదు. దాని నెవ్వరు నడుగుట లేదు. "ఈ రెండేండ్లు గడచిన పిమ్మట మా బిడ్డ వేదిక నెక్కి, ప్రక్కవాద్యములతో, గంటన్నర సేపు నిర్భయముగ పాడగలదా?" అనునదియే యా ప్రశ్న. పెద్దలు అడుగని దానిని మేము అడుగుచున్నాము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. సంగీత ప్రయోగమునకు పట్టా నిచ్చుచు, ఆ ప్రయోగమును ప్రజల యెదుట పరీక్షింపని విద్యాపద్ధతి తన్ను తాను మోసగించుకొనుచున్నది. దానిని నమ్మి వచ్చిన బీద విద్యార్థిని అంతకంటె నెక్కువగ మోసగించుచున్నది. ఈతలో ఉత్తీర్ణుడని యోగ్యతాపత్ర మిచ్చువాడు అభ్యర్థిని ఏటిలో దింపి చూడవలయును గదా! గట్టున కూర్చుండబెట్టి, నీటి గుణములనుగూర్చి వ్యాసము వ్రాయించి, మోకాటిలోతున రెండడుగులు నడిపించి పత్రము చేతికిచ్చినచో, ఆ పత్రమును నమ్మి వరదలో దుమికినవాని పాపమెవ్వరిది?

విషయము నెరుగని పాఠకులకు నేటి యేర్పాటును క్లుప్తముగ వివరింతుము. తెలుగు రాష్ట్రములు రెండింటను ప్రభుత్వ సంగీత కళాశాలలందు నాలుగేండ్ల సర్టిఫికెట్ తరగతియు, దానిపై రెండేండ్ల డిప్లొమా తరగతియు నున్నవి. విశ్వవిద్యాలయములందు రెండేండ్ల ఎం.ఏ. కలదు. మార్గములు వేరైనను కొస మాత్రము రెండేండ్ల చదువే. ఆ రెండేండ్ల తుది నిచ్చు కాగితమే సంగీతజ్ఞుడని లోకమునకు చెప్పు ముద్ర. కావున ఆ రెండేండ్లలో నేమి జరుగుచున్నదో విచారించుట మన ధర్మము.

లెక్క వేసి చూతము. ఉదారముగనే వేయుదము. ఏడాదికి 200 పనిదినము లనుకొందము. ముఖ్యవిద్యకు దినమున కొక గంట యనుకొందము. రెండేండ్లకు 400 గంటలు. తరగతిలో పదిమంది యున్నచో, గురువు ఒక్కొక్క విద్యార్థి కంఠమును విడిగా విని దిద్దగల కాలము 40 గంటలు. పరీక్ష దినములు, సభలు, సమ్మెలు, గురువు సెలవులు ఇందులో తీసివేయనే లేదు. గురువునింట నుండి చదువుకొను శిష్యుడు 40 గంటలను ఒక్క మాసములో దాటిపోవును. తక్కిన ఇరువదిమూడు మాసముల లోటును విద్యార్థి తన యింటి సాధనతో పూడ్చుకొనవలయును. ఇరుకు గదిలో నలుగురితో కాపురముండు బీదవాడు తెల్లవారుజామున ఏ గోడల నడుమ కూర్చుండి సాధన చేయగలడు? పొరుగువా రూరకుందురా? కళాశాల తలుపులు ఉదయము పది గంటలకు గాని తెరువబడనిచో వాని గతి యేమి?

ఇంతమాత్రముచే మేము కళాశాలలకు విరోధులమని తలంపవలదు. గురుకులమే స్వర్గమనియు, కళాశాల నరకమనియు పలుకు పండితులతో మాకు పొత్తు లేదు. గురుకులమున గొప్ప విద్య యుండెను. అందు సందేహము లేదు. త్యాగరాజస్వామి శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఇట్లు నోటినుండి చెవికి, చెవినుండి గుండెకు, 1847లో దేహము చాలించిన మహానుభావుని విద్య 2016వరకు మన నడుమ సజీవముగ నడచివచ్చినది. ఇది యే విశ్వవిద్యాలయపు ముద్రవలనను జరిగినది కాదు. కాని ఆ గురుకులపు గుమ్మము అందరికిని తెరచి యుండెనా? కులమడిగెను, ఆడుపిల్ల యని ఆపెను, అన్నము పెట్టు వారెవరని ప్రశ్నించెను. సంగీతమును తరతరములుగ కాపాడిన కళావంతుల యాడపడుచులను గౌరవము పేరిట సంఘము వెలివేసినప్పుడు గురుకులము వారికి నీడనిచ్చెనా? కళాశాల, కనీసము సిద్ధాంతమునందైన, దరఖాస్తు పంపిన ప్రతివానికిని సమానముగ తలుపు తీసెను. ఇది చిన్న మేలు కాదు. ఈ మేలును పోగొట్టుకొనుటకు మేము సమ్మతింపము.

విజయనగరమును స్మరింపుడు. 1919లో విజయరామ గజపతి ప్రభువులు అచ్చట సంగీత కళాశాలను నెలకొల్పిరి. ఆస్థానమువారి బిడ్డయగు అంధబాలునకు సంగీతము నేర్పింపవలయునను దయయే దానికి బీజమని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరుటకు రాగా, ఆయన ఫిడేలు విని దాసుగారు ఆయనను విద్యార్థులలో గాక ఆచార్యులలో కూర్చుండబెట్టిరని నేటికిని చెప్పుకొందురు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదు ఇరువదియారేండ్లు. చూపు మందము, చేతిలో పట్టా లేదు. చేతిలో నున్నది కమాను. దాసుగారు విన్నది కమానునే. 1936లో ఆ నాయుడుగారే దాసుగారి పీఠమున అధ్యక్షులైరి. ఆయన ఫిడేలును దక్షిణదేశ మంతయు చెవియొగ్గి వినెను.

అదే కళాశాలకు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు వచ్చిరి. చేత కాసు లేదు. జోలె భుజమున వైచుకొని, ఇంటింట మధూకరము చేసికొని యాకలి తీర్చుకొనుచు చదివిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనను చేరదీసి, ఫలాపేక్ష లేక విద్య గరపిరి. 1942లో ఆ గాయకుడు దేశముకొరకు కారాగారమున కేగెను. ఆయన గొంతు వినని తెలుగిల్లు లేదు. ఆయన పట్టా యేమని యడిగిన తెలుగువాడును లేడు. నేడు విజయవాడ సంగీత కళాశాల ఆయన పేరనే వెలయుచున్నది. పులపాక సుశీలగారును విజయనగర కళాశాలలో చదువుకొన్నవారే. ఒక బీదవానికిని, ఒక యాడపడుచునకును ఆ కళాశాల చేసిన మేలును చూచిన తరువాత కళాశాలలు వలదనువాడు కృతఘ్నుడు.

అట్లయిన మా ఫిర్యాదేమి? విజయనగరము ఆనాడు చేసిన పనిని నేటి కళాశాలలు మరచినవనియే మా ఫిర్యాదు. అచ్చట మొదట విని, పిమ్మట వ్రాసికొనిరి. నేడు మొదట వ్రాయించి, తీరిక యున్నచో విందురు. పట్టణమునకు పట్టణమునకు తేడా యుండవచ్చును, త్యాగబుద్ధితో పనిచేయు ఆచార్యులు ప్రతిచోటను కలరని మే మెరుగుదుము, వారికి నమస్కరించుచున్నాము. మా మాట వ్యక్తులపై కాదు, పద్ధతిపై.

"ప్రయోగ పరీక్ష కలదు గదా!" యని అధికారులందురు. కలదు. మూసిన గదిలో, ఇద్దరు ముగ్గురు పరీక్షకుల యెదుట, వెలుపల వరుసలో మరి ఇరువదిమంది వేచియుండగ, "కల్యాణి కొంచెము పాడుము. చాలు. పల్లవి యెత్తుకొనుము. చాలు. ఇక నడువుము," అని సాగు తంతును ప్రయోగమనుటకు మాకు నోరు రాకున్నది. కచ్చేరి యననేమి? వర్ణముతో గొంతు వేడిచేసికొని, కృతుల నేర్పుతో నేర్చి కూర్చుకొని, ఒక రాగమును ప్రధానముగ నెంచి విస్తరించి, నెరవును స్వరకల్పనయు నడిపి, మృదంగమునకు తని యిచ్చి, సభ మనస్సునెరిగి లఘుకృతులతో ముగించుట. అరియకుడి రామానుజయ్యంగారు తీర్చిదిద్దిన ఈ పద్ధతిని నేడు దక్షిణదేశ మంతయు అనుసరించుచున్నది. అందు గంట గడచిన పిదప అలసిన గొంతు శ్రుతిని నిలుపుకొనునా? ఫిడేలు ఒక కొత్త సంచారమును చూపినప్పుడు గాయకుడు దాని నందుకొనునా? తాళము జారినప్పుడు ముఖము వాడకుండ దానిని పట్టుకొనునా? వెనుక వరుసలో పిల్లవా డేడ్చినప్పుడు మనస్సు చెదరకుండునా? ప్రయోగవిద్య యనగా నిదియే. దీనిని పదునైదు నిమిషములలో, మూసిన గదిలో పరీక్షింపజాలిన పరీక్షకుడు ఇంకను పుట్టలేదు.

మరియొక వింతను చూడుడు. ఒకే కప్పు క్రింద ఒక గదిలో గాత్రము, ప్రక్క గదిలో ఫిడేలు, వసారా చివర మృదంగము నేర్పుదురు. ఈ మూడు తరగతుల విద్యార్థులు ఒక చాపమీద కూర్చుండి కలసి పాడి వాయించుట వారమున కెన్నిసారులు జరుగుచున్నదో మీ యూరి కళాశాల కేగి విచారింపుడు. వారమున కొకసారియని సమాధానము వచ్చినచో మేము సంతోషముతో మా మాట నుపసంహరించుకొందుము. వార్షికోత్సవమున కొకసారియని వచ్చినచో, మధ్యనున్న గోడ కట్టినవారెవరని మీరే యడుగుడు. వంట, వడ్డన, విస్తరి మూడును ఒక్క యింటనే యుండియు అతిథి ఆకలితో లేచిపోయినట్లున్నది ఈ వ్యవహారము.

లక్షణ శాస్త్రమును మేము తృణీకరించుట లేదు. మేళకర్తల లెక్క తెలియని గాయకుడు దారి తెలియని బండివాడు. 1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులుగారు ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో అచ్చయినదని మనవారు గర్వింపవలయును. ఆ గ్రంథములో గమకములకు సైతము గుర్తులు కలవు. అయినను ఆ గుర్తును చూచి గమకమును పలికించుటకు, దానిని పలికిన గొంతును ముందుగ వినియుండవలయును. లక్షణము లక్ష్యమునకు దాసి. నేటి పరీక్షలలో దాసి సింహాసనమెక్కి, రాణి వాకిట నిలుచున్నది.

ఇక ఆచార్యుల మాట. ద్వారంవారి వంటి యువకుడు నేడొక విశ్వవిద్యాలయపు గుమ్మమునకు వచ్చినచో, మొదట నడుగునది కమానును కాదు, కాగితములను. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు చేసిన నిబంధనలలో, గురుముఖమున విద్యనభ్యసించి ఆకాశవాణిలో ఉన్నతశ్రేణి నందిన కళాకారులకు వేరొక ద్వారము చూపబడినది. మేలే. కాని ద్వారము కాగితముపై నున్నచో చాలదు. ఆ ద్వారముగుండ ఇంతవరకు ఎందరు విద్వాంసులను లోనికి పిలిచితిరో ప్రతి విశ్వవిద్యాలయమును ప్రజలకు చెప్పవలయును. అడుగు హక్కు పన్ను కట్టు ప్రతివానికిని కలదు.

మా సూచనను వినిన కొందరు మిత్రులు మూడాక్షేపణలు చేసిరి. మొదటిది: ప్రజల యెదుట పరీక్ష పెట్టినచో పిన్నవాండ్రు బెదరిపోదురని. బెదరనిండు! గురువు ప్రక్కన నుండగా, తోడి విద్యార్థులు వాయించుచుండగా బెదరుట మేలు. పట్టా పుచ్చుకొని ఒంటరిగా లోకములో బడినప్పుడు బెదరుట కీడు. విప్లవానంతరము 1795లో ఫ్రెంచివారు పారిసు నగరమున నెలకొల్పిన సంగీత విద్యాలయములో తుది స్పర్ధలు చిరకాలము ప్రజల సమక్షముననే జరిగెను. పరాయి దేశపు దుస్తులను అనుకరించుటకు సిగ్గుపడని మనము, వారి ధైర్యము ననుకరించుటకు జంకనేల?

రెండవది: ప్రభుత్వమునకు ధనము లేదని. బహిరంగ కచ్చేరికి కావలసినది ఒక చాప, ఒక తంబుర, తెరచిన తలుపు. ఈ మూడింటికి ప్రత్యేక పద్దు వ్రాయ నక్కరలేదు. 1901లో విష్ణు దిగంబర పలుస్కరుగారు లాహోరులో గాంధర్వ మహావిద్యాలయమును ప్రారంభించినప్పుడు ఏ సర్కారు ఖజానాను నమ్ముకొనిరి? ప్రజల చందాలను, తమ కచ్చేరుల రాబడిని నమ్ముకొనిరి. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నిలిపిన పెద్దలు ప్రభుత్వపు ముద్రకంటె చేతిపనికి విలువ యెక్కువని చాటిరి. ఆ వారసత్వము మనదే గదా!

మూడవది: అందరును కచ్చేరి గాయకులు కాజాలరు, కొందరు ఉపాధ్యాయులు కావలయును గదా యని. నిజమే. కాని పాడలేని యుపాధ్యాయుడు పిల్లలకేమి నేర్పును? నేటి విద్యార్థియే రేపటి గురువు. ఈనాటి లోటు రేపు రెండింతలై, ఎల్లుండి నాలుగింతలై పెరుగును. మొదటి దీపములో చమురు లేనిదే దానితో వెలిగించు తక్కిన దీపములకు కాంతి యెక్కడిది?

మేము కోరునవి ఇవి. రెండేండ్ల తరగతిలో చేర్చుకొనునప్పుడు మార్కుల పత్రమునకంటె ముందుగ అభ్యర్థి గొంతును గాని వాద్యమును గాని వినవలయును. వర్ణములు నిలువని వారిని నిరాకరింపక, నాలుగేండ్ల తరగతికి పంపవలయును. గాత్ర, ఫిడేలు, మృదంగ విద్యార్థులు వారమున కొకసారియైనను కలసి కూర్చుండవలయును. సాధనకొరకు కళాశాల గదులు తెల్లవారుజామున తెరచి యుంచవలయును. తుది పరీక్ష, గంటన్నర నిడివిగల బహిరంగ కచ్చేరిగ, పట్టణ ప్రజల సమక్షమున జరుగవలయును. మొత్తము మార్కులలో సగమునకు తక్కువ గాకుండ దానికే కేటాయింపవలయును. కడపటిది, ఖాళీపడిన ఆచార్య స్థానములను పూరించునప్పుడు పట్టా లేని విద్వాంసుని పిలిచి వినుటకు సంకోచింపరాదు.

ఇంతవరకు ప్రభుత్వమునకు చెప్పితిమి. ఇక ఈ పత్రికను పఠనాలయములలో చదువు మీకు చెప్పవలసినది కలదు. నేరము సర్కారుదే యని చేతులు దులుపుకొనుట మనకు వాడుక. త్యాగరాజస్వామి తెలుగున పాడెను. ఆ తెలుగును తమిళ సోదరులు శ్రద్ధతో నేర్చి, మాసము పొడవున సభలు నడపి, చీట్లు కొని విని, కాపాడిరి. అది వారి దోషము కాదు. మనము వారికి పడిన ఋణము. మన పట్టణములలో రెండేండ్లు గొంతు చించుకొని చదివిన పిల్ల పాడుదునన్నచో వినుటకు పదిమంది దొరకరేని, ఏ పాఠ్యప్రణాళిక ఆమెను గాయని చేయగలదు? వినువారు లేని చోట పాడువారు పుట్టరు.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన వారికి గాని, పిమ్మట ఊరూర గ్రంథాలయములు నిలిపిన వారికి గాని ఎవరును పట్టా లీయలేదు. తమ భాష తమ యూర వినబడవలయునను పట్టుదలయే వారి పట్టా. అట్టి ప్రతి పఠనాలయమును మాసమున కొక సాయంకాలమును రెండవయేటి సంగీత విద్యార్థి కొరకు కేటాయించుగాక. శ్రీరామనవమి పందిళ్లలో యంత్రములు పెట్టి పాటలు మ్రోగించు బదులు, ఆ యూరి విద్యార్థికి గంటసేపు చోటిచ్చి, తాంబూలముతో బండికూలియైన నిత్తురుగాక. తప్పు పాడినచో ఓర్పుతో వినుడు. బాగుగ పాడినచో బిగ్గరగ మెచ్చుకొనుడు. ఇందులకు శాసనసభ యనుమతి అక్కరలేదు.

మరల వేసవి వచ్చును. మరల ప్రకటన వెలువడును. తండ్రి ఉద్యోగమునుగూర్చి తప్పక యడుగుగాక. కాని దరఖాస్తుపై సంతకము చేయుటకు ముందు, కళాశాలవారి యెదుట నిలిచి, "అయ్యా, రెండేండ్ల పిమ్మట మా పిల్ల కచ్చేరి ఏ తేదీన, ఏ మందిరమున? మేము బంధువులతో వచ్చి ముందు వరుసలో కూర్చుందుము," అని యడుగుగాక. ఆ తేదీ చెప్పగల కళాశాలకే బిడ్డను పంపుగాక. తండ్రులు ఇట్లు అడుగ మొదలిడిననాడు మేము వ్రాయ నవసరముండదు.